నడుం నొప్పికి ఇన్ని టెస్టులా?

గత నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నడుం నొప్పి గురించే. అందులోనూ నొప్పి కంటే డాక్టరు రాసిచ్చిన చీటీ గురించే ఎక్కువ. ఎక్స్‌రే ఎందుకు రాయలేదని కొందరు, ఇన్ని ఎందుకు రాశారని కొందరు. వాటిలోంచి ఏరినవి ఇవి.

ప్రశ్న: ఆటో నడుపుతాను. వయసు 42. పది రోజుల కిందట గ్యాస్ సిలిండర్ ఎత్తుతుంటే నడుం పట్టేసింది. మా డాక్టరుగారు మాత్రలు రాసి, నడవమని పంపేశారు. ఎక్స్‌రే కూడా తీయించలేదు. ఇదే నొప్పితో వెళ్లిన మా పక్కింటాయనకు ఇంకో డాక్టరు మొదటి రోజే ఎంఆర్‌ఐ రాశారు. ఎవరిది సరైన వైద్యం? (ఖమ్మం)

జవాబు: ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకెత్తి చూశారా? కాలి బొటనవేలు పైకి లేపమని, దాన్ని తన వేలితో కిందికి నొక్కారా? మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ల మీద నాలుగడుగులు నడిపించారా? చిన్న సుత్తితో మోకాలి కింద, మడమ వెనక తట్టారా? ఇవన్నీ చేసి ఉంటే మీకు కావలసిన టెస్టు జరిగిపోయినట్టే. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు.

కాలు పైకెత్తినప్పుడు 30 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట పిరుదు నుంచి మోకాలి కిందిదాకా కరెంటు షాకులా లాగితే నరం నొక్కుకుంటోందని అనుమానం. తొడ వెనక కండ బిగిసినట్టు మాత్రమే ఉంటే అది లెక్కలోకి రాదు. బొటనవేలిలో బలం తగ్గితే ఒక నరం, మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కింది నరం. ఇవేవీ లేకుండా నొప్పి నడుం దగ్గరే ఉంటే కండరమో, కీలో, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు నరాన్ని తాకకుండా చెడడమో కారణమై ఉంటుంది. వీటిలో ఏదైనా వైద్యం ఒకటే. ఇలాంటి నొప్పుల్లో ఎక్కువ భాగం నాలుగు నుంచి ఆరు వారాల్లో సర్దుకుంటాయి. అందుకే ప్రమాద సూచనలు లేకపోతే మొదటి ఆరు వారాలు ఎక్స్‌రే, స్కానింగ్ వద్దని అమెరికాలో ఫ్యామిలీ డాక్టర్ల సంఘం 2012లోనే తన సభ్యులకు చెప్పింది.

పైగా ఎక్స్‌రేలో కనపడేది ఎముక ఒక్కటే. డిస్కు కనపడదు, నరం కనపడదు, కండరం కనపడదు. విరిగిన పూస, ముందుకు జారిన పూస, బాగా ముదిరిన టీబీ, ఎముకను తినేసిన కేన్సర్ లాంటివి తెలుస్తాయి. సిలిండర్ ఎత్తిన 42 ఏళ్ల మనిషికి వీటిలో ఏదీ ఉండే అవకాశం పెద్దగా లేదు. నడుం ఎక్స్‌రేకి పడే రేడియేషన్ సుమారు 1.5 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి మనకు ఏడాది మొత్తంలో సగటున అందేది 2.4. భయపడేంత కాదు, ఊరికే తీయించుకునేంత తక్కువా కాదు.

మరి ఎక్స్‌రే తీస్తే పోయేదేముంది అంటారా? 2001లో బ్రిటన్‌లో ఈ సంగతే పరీక్షించారు. ఆరు వారాలు దాటిన నడుం నొప్పితో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికొచ్చిన 421 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎక్స్‌రే తీయించారు. మూడు నెలల తర్వాత చూస్తే, తీయించుకున్నవాళ్లే ఇంకా నొప్పి ఉందని ఎక్కువగా చెప్పారు, డాక్టరు దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లారు. కానీ తొమ్మిది నెలలప్పుడు అడిగితే, వైద్యం బాగా జరిగిందన్న తృప్తీ వాళ్లకే ఎక్కువ! డాక్టర్లు టెస్టులు రాయడానికి అసలు కారణాల్లో ఒకటి ఇక్కడే ఉంది. రాయకపోతే "సరిగా చూడలేదు" అంటారు, రాస్తే "బాగా చూశారు" అంటారు.

మీ పక్కింటాయనకు కాలిలో బలం తగ్గిందో, పాత కేన్సర్ ఉందో, జ్వరం వస్తోందో మనకు తెలియదు. అవేవీ లేకపోతే ఆ ఎంఆర్‌ఐ తొందరపాటే. మీ మటుకు మీరు ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టకండి. వేడి కాపడం పావుగంట చొప్పున పెట్టుకోండి. ఆటోలో జేబులోని పర్సు తీసి పక్కన పెట్టి కూర్చోండి, గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. ఆరు వారాలకూ తగ్గకపోయినా, ఈలోగా నొప్పి మోకాలు దాటి కిందికి దిగినా మళ్లీ చూపించుకోండి. అప్పుడు టెస్టు రాస్తే దానికో అర్థం ఉంటుంది.

ప్రశ్న: వయసు 52. నడుం నొప్పికి ఎంఆర్‌ఐ తీస్తే "ఎల్4-ఎల్5 దగ్గర డిఫ్యూజ్ డిస్క్ బల్జ్, థీకల్ శాక్ మీద ఒత్తిడి, డిస్క్ డెసికేషన్" అని వచ్చింది. "గ్యాప్ వచ్చింది, బరువులెత్తకు, వంగకు" అన్నారు. అప్పటి నుంచి చీపురు పట్టాలన్నా భయమే. ఆపరేషన్ తప్పదా? (గుంటూరు)

జవాబు: మీరు రాసిన మాటల్లో ఆపరేషన్ మాట ఎక్కడా లేదమ్మా. ఒక్కొక్కటే విప్పి చూద్దాం. ఎల్4-ఎల్5 అంటే నడుంలోని నాలుగో, ఐదో పూసల మధ్య చోటు. డెసికేషన్ అంటే డిస్కులో నీటి శాతం తగ్గడం. స్కాన్‌లో తెల్లగా మెరవాల్సిన డిస్కు నల్లగా కనిపిస్తుంది. జుట్టు నెరవడం లాంటిదే. బల్జ్ అంటే గాలి తగ్గిన టైరు అడుగున పక్కలకు ఉబ్బినట్టు డిస్కు చుట్టూతా కాస్త ఉబ్బడం. థీకల్ శాక్ అంటే నరాలన్నీ నీటిలో తేలుతూ ఉండే సంచి. ఉబ్బిన డిస్కు ఆ సంచిని కొంచెం తాకిందంటే నరం నలిగిపోయిందని కాదు, లోపల నీరుంది, చోటుంది. "ప్రొట్రూజన్", "ఎక్స్‌ట్రూజన్" అనే మాటలు వేరు. అక్కడ డిస్కు ఒకవైపు పొడుచుకొచ్చినట్టు, లేదా లోపలి గుజ్జు బయటికి వచ్చినట్టు. చిత్రమేమిటంటే ఇలా బయటికొచ్చిన గుజ్జును చాలామందిలో శరీరమే కొన్ని నెలల్లో కరిగించుకుంటుంది. చుట్టూ ఉబ్బిన బల్జ్ అంతగా తగ్గదు, తగ్గకపోయినా నొప్పి పోతుంది.

1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి చూస్తే 52 శాతం మందికి కనీసం ఒకచోట బల్జ్ ఉంది. 27 శాతానికి ప్రొట్రూజన్ ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నది 36 శాతానికే. వీళ్లంతా హాయిగా తిరుగుతున్న మనుషులు! 52 ఏళ్ల వయసులో స్కాన్‌లో అసలేమీ రాకపోతేనే వింత.

"గ్యాప్ వచ్చింది" అనే మాట మన దగ్గర చాలామందిని మంచానికి కట్టేసింది. నిజానికి పూసల మధ్య గ్యాప్ రాదు, ఉన్న ఖాళీయే తగ్గుతుంది. మాటే తలకిందులుగా ఉంది.

రిపోర్టుకు విలువ ఎప్పుడంటే, అది మీ కాలితో ఏకీభవించినప్పుడు. ఎల్4-ఎల్5 డిస్కు మామూలుగా నొక్కేది ఎల్5 నరాన్ని. కాబట్టి తిమ్మిరి పాదం పైభాగాన, బొటనవేలి వైపు ఉండాలి, బొటనవేలు పైకి లేపే బలం తగ్గాలి. దాని కింది డిస్కు, ఎల్5-ఎస్1 అయితే పాదం బయటి అంచున, చిటికెన వేలి వైపు తిమ్మిరి, మడమ వెనక సుత్తితో తడితే పాదం కదలదు. రిపోర్టులో కుడివైపు రాసి, మీకు లాగేది ఎడమ కాలైతే ఆ రిపోర్టు మీ నొప్పి గురించి చెప్పడం లేదు. మీరు కాలి సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు కాబట్టి కాలు బాగానే ఉందనుకుంటున్నాను. అలాగైతే చీపురు పట్టండి, పొడుగు పిడిది వాడండి. ఫిజియోథెరపిస్టు దగ్గర నడుం, పొట్ట కండరాల వ్యాయామాలు నేర్చుకోండి. ఆ రిపోర్టును బీరువాలో పెట్టేయండి. పారేయొద్దు, ఎప్పుడైనా పోల్చి చూడాల్సి వస్తే పనికొస్తుంది.

ప్రశ్న: నడుం నొప్పని వెళితే డాక్టరు సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్ష రాశారు. మాది ఉద్దానం. కిడ్నీలు పోయాయేమోనని ఇంటిల్లిపాదీ భయపడుతున్నాం. (సోంపేట, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష. నొప్పికి కారణం కిడ్నీ అని కాదు, నొప్పికి ఇవ్వబోయే మందు కిడ్నీని దెబ్బతీయకుండా చూసుకోవాలని రాశారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మంచి కిడ్నీ తట్టుకుంటుంది, అప్పటికే బలహీనంగా ఉన్నది తట్టుకోలేదు. బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్ రకం మాత్ర, దాంతోపాటు మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతూ పైన నొప్పి మాత్ర కూడా పడితే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో, అది ముదిరేదాకా నొప్పి, వాపు లేకుండా ఎలా దాక్కుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ పనిచేసే డాక్టరు క్రియాటినిన్ చూడకుండా నొప్పి సూది పొడిస్తేనే తప్పుపట్టాలి.

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. వయసుతో కలిపి లెక్కగట్టి, కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ ఎంతో అడగండి. అది మూడు నెలల పాటు 60 కంటే తక్కువుంటే కిడ్నీ జబ్బు కింద లెక్క. అలాంటివాళ్లు నొప్పికి పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి, మిగతావి డాక్టరు చెబితేనే. మూత్ర పరీక్షలో ప్రొటీన్ చూస్తారు. రక్తకణాలు కనపడితే రాయి ఉందేమో ఆలోచిస్తారు. రాయి నొప్పి నడుం మధ్యలో ఉండదు, డొక్కలో మొదలై గజ్జలోకి దిగుతుంది. నడుం పట్టినవాడు కదలకుండా పడుకుంటాడు, రాయి నొప్పివాడు ఒకచోట ఉండలేక మెలికలు తిరుగుతాడు. అనుభవమున్న డాక్టరు గుమ్మంలోనే పోల్చుకుంటారు.

ప్రశ్న: మా అమ్మకు 60 ఏళ్లు. నడుం, మెడ కర్రలా బిగుసుకుపోయాయి. డాక్టరు నడుంతోపాటు మోచేతి కింద చేతికి కూడా ఎక్స్‌రే రాశారు. పొరపాటున రాశారా? (మర్రిగూడ, నల్లగొండ జిల్లా)

జవాబు: పొరపాటు కాదు, మీ ఊరు తెలిసినవాళ్లు రాసిన చీటీ అది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట ఏళ్ల తరబడి ఉంటే అది ఎముకల్లో పేరుకుంటుంది. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. పూసలను కలిపి ఉంచే పట్టీలు సున్నపు కడ్డీల్లా గట్టిపడతాయి. వయసుతో వచ్చే అరుగుదల కూడా ఎక్స్‌రేలో కొంత ఇలాగే కనిపిస్తుంది. రెండింటినీ విడదీయడానికి చేయి పనికొస్తుంది. మోచేతికీ మణికట్టుకూ మధ్య పక్కపక్కన ఉండే రెండు ఎముకలను ఒక పల్చటి పొర కలుపుతుంది. మామూలుగా ఎక్స్‌రేలో ఆ పొర కనపడదు. ఫ్లోరోసిస్‌లో అది సున్నం పట్టి, ఎముక అంచున ముళ్లలా లేచి కనిపిస్తుంది. వయసు అరుగుదలలో ఇలా ఉండదు.

మన దేశంలో ఈ జబ్బును 1937లో తొలిసారి నమోదు చేసింది కూడా తెలుగు నేలమీదే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణం. ఇంటికి నల్లా నీళ్లొస్తున్నా వంటకు బోరు నీళ్లే వాడుతుంటే ఆ నీటిని పరీక్ష చేయించండి. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో ఇవ్వండి, గాజులో వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలిసి లెక్క తప్పుతుంది. అమ్మకు టీ అలవాటుంటే తగ్గించండి, టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. బిగుసుకున్న పూసలు తిరిగి వదులు కావు. కాళ్లలో పట్టు తప్పుతున్నా, నడకలో తడబాటున్నా అప్పుడు ఎంఆర్‌ఐ కావాలి, వెన్నుపాము నొక్కుకుంటోందేమో చూడాలి.

ప్రశ్న: 26 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదిగా నడుం నొప్పి. పొద్దున లేవగానే గంటసేపు బిగుసుకుని ఉంటుంది, జిమ్‌కు వెళితే తగ్గుతుంది, సెలవు రోజు పడుకుంటే ఎక్కువవుతుంది. ఎక్స్‌రే నార్మల్. అయినా హెచ్‌ఎల్‌ఏ-బి27, ఎస్‌ఐ జాయింట్ ఎంఆర్‌ఐ రాశారు. అవసరమా? (హైదరాబాద్)

జవాబు: అవసరమే, వాయిదా వేయకండి. మామూలు నడుం నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, పనితో పెరుగుతుంది. మీది తిరగబడింది. 40 ఏళ్లలోపు మొదలవడం, మూడు నెలలు దాటడం, పొద్దున అరగంటకు మించి బిగుసుకోవడం, కదిలితే హాయి. ఇది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ దారి. కీళ్లవాతం కుటుంబంలోది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తోందా, పిరుదు నొప్పి ఓసారి కుడికీ ఓసారి ఎడమకూ మారుతోందా కూడా చూసుకుని డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బులో ఎక్స్‌రే మారడానికి ఏళ్లు పడుతుంది, ఎంఆర్‌ఐలో వాపు ముందే తెలుస్తుంది. చీటీలో "ఎస్‌ఐ జాయింట్స్" అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి, అవి వెన్ను అడుగున తుంటి ఎముకలతో కలిసే కీళ్లు. సెంటర్‌లో నడుం పూసలకు మాత్రమే తీసి పంపితే డబ్బు దండగ. మామూలుగా కాంట్రాస్ట్ సూది కూడా అక్కర్లేదు. ఈ జబ్బుతో సంబంధమున్న జన్యువు ఉందేమో చూసే బి27 రక్తపరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు, పరగడుపున అక్కర్లేదు. పాజిటివ్ అయినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, నెగటివ్ అయితే లేనట్టూ కాదు. ఒంట్లో వాపును పట్టే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు నార్మల్‌గా వచ్చినా కొట్టిపారేయడానికి లేదు. రిపోర్టులతో రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవండి.

ప్రశ్న: మా నాన్న గొర్రెలు కాస్తారు. రెండు నెలలుగా నడుం నొప్పి, సాయంత్రాలు జ్వరం, చిక్కిపోయారు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఛాతీ ఎక్స్‌రే, బ్రూసెల్లా, వెన్ను మొత్తానికి ఎంఆర్‌ఐ రాశారు. కూలి చేసుకునేవాళ్లం, అన్నీ చేయించాలా? (అనంతపురం జిల్లా)

జవాబు: ఈ ఉత్తరాల్లో అన్ని టెస్టులూ చేయించాల్సింది మీ నాన్నగారికే. నడుం నొప్పికి జ్వరం, బరువు తగ్గడం తోడైతే ముందు వెన్ను టీబీ, తర్వాత పశువుల నుంచి అంటుకునే బ్రూసెల్లా, కేన్సర్ ఆలోచించాలి. పచ్చిపాలు తాగడం, ఈసుకుపోయిన (కడుపు పోయిన) గొర్రెల మాయ, పిండాలను వట్టి చేతులతో తీయడం ఉంటే బ్రూసెల్లా అంటుకునే వీలుంది. ఈ సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఛాతీ ఎక్స్‌రే బాగున్నా వెన్నుకు టీబీ ఉండొచ్చు. వెన్ను ఎక్స్‌రేలో తేడా కనపడేసరికి ఎముక చాలాభాగం కరిగిపోయి ఉంటుంది, అందుకే ఎంఆర్‌ఐ. టీబీ రెండు మూడు చోట్ల ఉండొచ్చు కాబట్టి వెన్ను మొత్తం తీయమన్నారు.

ఎంఆర్‌ఐతో పని అయిపోదు. చీము గానీ, ఎముక ముక్క గానీ సూదితో తీసి, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు, బయాప్సీకి పంపాలి. సీబీనాట్‌లో మందుకు లొంగే టీబీయా కాదా అన్నదీ తెలుస్తుంది. ఆ శాంపిల్ తీసేదాకా ఊళ్లో ఎవరో ఇచ్చే యాంటీబయాటిక్ సూదులు వేయించకండి. సగం మందు పడితే క్రిమి దొరకదు, జబ్బు మాత్రం ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో లేదా బోధనాసుపత్రిలో చేయించండి. టీబీ అని తేలితే పరీక్షలూ మందులూ ప్రభుత్వ టీబీ కార్యక్రమం కింద ఉచితమే. వెన్ను టీబీకి మందులు ఆరు నెలలతో ఆగవు, ఏడాది వరకూ వాడాల్సి ఉంటుంది.

ప్రశ్న: సిజేరియన్‌కు వెన్నులో మత్తు సూది ఇచ్చారు. మూడేళ్లుగా నడుం నొప్పి. సూది వల్ల ఏం దెబ్బతిందో తెలుసుకునే టెస్టు ఉందా? (కరీంనగర్)

జవాబు: లేదమ్మా, ఎందుకంటే అలా దెబ్బతినేది ఏమీ లేదు. సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, అంతే. మత్తు సూది లేకుండా కాన్పు అయినవాళ్లకూ ఇదే నొప్పి వస్తుంది. సాగిపోయిన పొట్ట కండరాలు, వంగి పాలివ్వడం, బిడ్డను ఒకే చంకన ఎత్తుకోవడం అసలు కారణాలు. రక్తం ఎంతుందో చూపించుకోండి. ఒళ్లంతా ఎముకలు నొప్పులుండి, కింద కూర్చుంటే లేవడం కష్టమైతే విటమిన్ డి చూడటంలో అర్థముంది. ఎక్స్‌రే తీయించాల్సి వస్తే నెలసరి తప్పిందేమో ముందే చెప్పండి.

ప్రశ్న: డాక్టర్లు కమీషన్ల కోసమే టెస్టులు రాస్తారంటారు. నిజమా? (విజయవాడ)

జవాబు: కొందరు రాస్తారు. దాన్ని దాచడంలో అర్థం లేదు. రోగిని పంపినందుకు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం రెండూ తప్పని 2002 నాటి వైద్య మండలి నియమావళిలో స్పష్టంగా ఉంది. కానీ కమీషన్ ఒక్కటే కారణమనుకుంటే మిగతావి కనపడవు. వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పాక, "లక్షల్లో ఒక్క కేన్సర్ వదిలేస్తే కోర్టుకెక్కాలి" అన్న భయం పెరిగింది. ఓపీలో వందమంది కూర్చుంటే కాలు ఎత్తి చూడటం కంటే చీటీ రాయడం తొందరగా అవుతుంది. రోగే "ఎంఆర్‌ఐ రాయండి సార్" అని పట్టుబట్టేదీ తక్కువేం కాదు.

చీటీ చేతికిచ్చినప్పుడు ఒక మాట అడగండి: "ఇందులో ఏం తేలితే మందు మారుస్తారు సార్?" నిజంగా అనుమానం ఉన్న డాక్టరు వెంటనే చెబుతారు. "ఊరికే, ఒకసారి చూద్దాం" అంటే మూడు వారాలు ఆగొచ్చేమో అడగండి. ఫలానా ల్యాబ్‌లోనే చేయించాలన్న నిబంధన ఏదీ లేదు. తెలంగాణలో బస్తీ దవాఖానాల్లో, పీహెచ్‌సీల్లో శాంపిల్ ఇస్తే ప్రభుత్వ డయాగ్నోస్టిక్ హబ్‌లో రక్తపరీక్షలు ఉచితంగా చేస్తారు.

ప్రశ్న: నడుం నొప్పికి అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పరిస్థితి ఉంటుందా? (కాకినాడ)

జవాబు: ఉంటుంది. నడుం నొప్పితోపాటు మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండానే మూత్రం పోవడం, రెండు కాళ్లూ బలం తప్పడం, సైకిల్ సీటుకు ఆనే భాగమంతా మొద్దుబారడం. చాలామంది సిగ్గుపడి చెప్పని గుర్తు ఒకటుంది: దొడ్డికి వెళ్లి కడుక్కుంటున్నప్పుడు చెయ్యి తగిలినట్టు తెలియకపోవడం. నడుం కింద గుర్రపుతోకలా ఉండే నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతే ఇలా అవుతుంది. ఎక్స్‌రే దండగ, అదే రోజు ఎంఆర్‌ఐ కావాలి. కొందరు డాక్టర్లు మూత్రానికి వెళ్లొచ్చాక పొట్ట స్కాన్ చేసి ఇంకెంత మిగిలిందో చూస్తారు, 200 మిల్లీలీటర్లు దాటితే అనుమానం గట్టిపడుతుంది. ఆపరేషన్ వీలైనంత త్వరగా, 48 గంటల్లోపే జరగాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు.

చిన్న నర్సింగ్‌హోములు తిరుగుతూ సెలైన్ పెట్టించుకోవద్దు. ఎంఆర్‌ఐ, వెన్ను ఆపరేషన్ చేసే సర్జన్ రెండూ ఉన్నచోటికే 108లో వెళ్లండి. దారిలో ఏమీ తినిపించొద్దు. పేస్‌మేకర్ ఉంటే చేరిన వెంటనే చెప్పండి. చివరిసారి మూత్రం ఎన్నింటికి వచ్చిందో గుర్తుపెట్టుకోండి, క్యాజువాలిటీలో ముందు అడిగే ప్రశ్నల్లో అదొకటి.